ఎర్ర దారం కట్టిన సంచులు

ప్లాస్టిక్ బియ్యం వస్తున్నాయని ఊరూరా పుకారు లేచిన రోజుల్లో మా గల్లీలో నా విలువ ఒక్కసారిగా పెరిగింది. ప్లాస్టిక్ ఇంజనీరు అంటే బకెట్లు, మగ్గులు చేసేవాడని అప్పటిదాకా నన్నెవరూ లెక్కచేయలేదు. అలాంటిది ఒక ఆదివారం పొద్దున నేను పళ్ళు తోముకుంటుంటే పక్కింటి పెద్దమ్మ గిన్నెలో బువ్వ ముద్ద పెట్టుకొని వచ్చి, దాన్ని మా గచ్చు మీద బంతిలా కొట్టి చూపించింది. "చూడు బిడ్డా, ఎట్ల ఎగుర్తాందో. గిది బియ్యమేనా?" అంది. నేను ఒక మెతుకును అగ్గిపుల్లతో కాల్చి, వాసన చూసి, బియ్యమేనని చెప్పాను. ఆమె నమ్మలేదు. నిజం చెప్పొద్దూ, ఆమె పోయాక నేను కూడా మా డబ్బాలోని బియ్యం నాలుగు గింజలు కాల్చి చూశాను.

నాది అనుమానపు పుట్టుక. తాళం వేసిన తలుపును మూడుసార్లు లాగి చూస్తాను. డాక్టరు రాసిన మందు పేరు, షాపువాడిచ్చిన డబ్బా మీది పేరు అక్షరం అక్షరం కలిపి చదువుతాను. ఇది నాకు బాపు నుంచి వచ్చింది. నారాయణపేటలో మా బాపు గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు, ఇప్పటికీ ఓపిక ఉన్న రోజు నేస్తాడు. కొత్త నూలు ఇంటికి వస్తే ముందు బొటనవేలు తడి చేసి రుద్ది, రంగు అంటుతుందా అని చూసేవాడు. తర్వాత ఒక పోగు తీసి కాల్చేవాడు. బూడిద అయితే పత్తి, ముద్ద కడితే కల్తీ. ప్లాస్టిక్ కాలేజీలో మొదటి సంవత్సరం మాకు నేర్పిన మొదటి పరీక్ష కూడా కాల్చి వాసన చూడటమే. సారు బోర్డు మీద దాన్ని ఇంగ్లీషులో రాస్తుంటే నాకు నవ్వొచ్చింది.

చదువు అయిపోయాక కొన్నేళ్ళు హైదరాబాద్ శివార్లలో కుర్చీలు, నీళ్ళ డ్రమ్ముల మూతలు పోయించాను. తెలంగాణ వచ్చిన తర్వాత జడ్చర్ల దగ్గర ఒక చిన్న యూనిట్‌లో కొలువు దొరికింది. కార్లకు లోపల పెట్టే ప్లాస్టిక్ సామాన్లు చేస్తారు. తలుపు పిడులు, లైటు వెనక డొప్పలు, వైర్లు పట్టుకునే క్లిప్పులు. ఇంటికి దగ్గర అయింది, పనీ ఇష్టమైనది. కాని నాకు ఒక కోరిక ఉండేది. ఎవరో గీసిచ్చిన బొమ్మకు అచ్చు పోయడం కాదు, ఇనుముతో చేసే వస్తువొకటి నా చేతులతో ప్లాస్టిక్‌లోకి మార్చాలి.

అది కారు ముందు భాగంలో రేడియేటర్‌ను పట్టి ఉంచే బ్రాకెట్. ఇనుముతో చేస్తే నాలుగు ముక్కలు, వెల్డింగు, బోల్టులు, తుప్పు పట్టకుండా పెయింటు. నేను గాజుపోగు కలిపిన నైలాన్‌తో ఒకే ముక్కగా గీశాను. చివర కొక్కెంలాంటిది పెట్టాను. బోల్టు అక్కర్లేదు, నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. ఏడాదిన్నర పట్టింది. బాపుకు ఒక ముక్క తెచ్చి చూపిస్తే గోటితో కొట్టి చూశాడు, వాసన చూశాడు, కాల్చడానికి అగ్గిపెట్టె అడిగాడు. "గీ బొక్కెన ముక్క కారును మోస్తదా?" అన్నాడు. మా యజమాని సారు అంతమాట అనలేదు గాని ఆయన చూపులో అదే ఉంది.

కార్ల కంపెనీ చివరికి ఒప్పుకుంది. ఒక ఎండాకాలం మొత్తం వాళ్ళ లైనులో నడిపి చూస్తామని, అది ముగిసేసరికి పనికిరాదనిపిస్తే మళ్ళీ ఇనుముకే పోతామని షరతు పెట్టింది. సారు నన్ను గదిలోకి పిలిచి, "ఇది పోతే దీన్ని పోసే మిషన్ బందు. దాని మీద పనిచేసేవాళ్ళను నేను కూర్చోబెట్టి మేపలేను. నిన్ను కూడా" అని నవ్వుతూనే చెప్పాడు. ఆ నవ్వును నేను నమ్మలేదు.

నైలాన్‌కు నీళ్ళంటే పడదు. దానాను, అంటే ప్లాస్టిక్ గింజలను, మిషన్‌లో పోయకముందు గంటల తరబడి డ్రయ్యర్‌లో ఆరబెట్టాలి. తడి గింజ కరిగితే ముక్క గుల్లబారి పోతుంది. అందుకని ఆ మిషన్ దగ్గర నేనొక బోర్డు పెట్టించాను. "ఇక్కడికి నీళ్ళు తేరాదు." తాగే సీసాలు కూడా అవతలి గోడ దగ్గరే పెట్టుకోవాలి. పనివాళ్ళు చాటుగా నన్ను ‘నీళ్ళ పోలీసు’ అనేవాళ్ళట. అన్నా సరే, నా ముక్క బాగుంటే చాలనుకున్నాను.

ఆ మిషన్‌ను పొద్దుటి షిఫ్టులో నడిపేది ఒక అన్న. నలభై అయిదు దాటిన మనిషి. మాలాగే నేత ఇంటివాడు, నారాయణపేట దగ్గరి పల్లె. మగ్గం మీద బతుకు సాగక జడ్చర్లలో గది కిరాయికి తీసుకొని యూనిట్‌లో చేరాడు. చేరిన మొదటి రోజే నా ఊరు, బాపు సంగతి తెలుసుకొని, "అట్లనా తమ్మీ! అయితే మనోనివే" అని నా భుజం మీద చెయ్యి వేశాడు. చుట్టూ నలుగురు చూస్తున్నారు. నాకు ఒళ్ళంతా ముళ్ళు పొడిచినట్టయింది. పక్కకు తీసుకుపోయి, "అన్నా, ఇక్కడ తమ్మీ అనకు. మన కులపోడని చూసీ చూడనట్టు పోతున్నానని ఎవరన్నా అనుమానపడతారు" అన్నాను. ఆయన ముఖం ఒక క్షణం చిన్నబోయింది. "మంచిది సారూ" అన్నాడు. ఆ రోజు నుంచి సారూ అనే అన్నాడు. మనోడైనందుకు మిగతావాళ్ళ కంటే ఆయన మీదే నేను ఎక్కువ కన్నేసి ఉంచాను. ఇది న్యాయం అనుకున్నాను కూడా.

ఏప్రిల్ వచ్చింది. పాలమూరు ఎండ సంగతి చెప్పేదేముంది, గోడ మీద చెయ్యి పెడితే కాలేది. పెదాలు పగిలి మాట్లాడటానికి బద్ధకమయ్యేది. అప్పుడు మొదలైంది. కార్ల కంపెనీ నుంచి ఫోటోలు వచ్చాయి. లైనులో మనిషి బ్రాకెట్‌ను నొక్కగానే కొక్కెం మొదట్లో టక్కుమని విరుగుతోంది. అన్నీ కాదు. ఒక పెట్టెలో సగం విరిగితే ఇంకో పెట్టెలో ఒక్కటీ విరగదు. అదే నాకు తలనొప్పి అయింది. డిజైన్ తప్పైతే అన్నీ విరగాలి కదా? కొన్నే విరుగుతున్నాయంటే ఎవరో ఏదో చేస్తున్నట్టు.

ఇంకేముంది, నాకు కావలసింది దొరికింది. దానా అమ్మేవాడిని మొదట అనుమానించాను. వాడి సంచుల నుంచి గింజలు తెచ్చి కాల్చాను, కరిగించాను, బూడిదలో గాజు ఎంతుందో చూశాను. బాగానే ఉంది. స్టోరులో కల్తీ చేస్తున్నారేమోనని తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను. రెండో షిఫ్టువాళ్ళు డ్రయ్యర్‌ను ముందే ఆపేస్తున్నారేమోనని మీటర్ రాసుకున్నాను. ఒక మధ్యాహ్నం పొద్దుటి షిఫ్టు దిగాక మిషన్ అవతల మూల నేల తడిగా కనిపిస్తే, అచ్చును చల్లబరిచే నీళ్ళ పైపు కారుతోందని ఫిట్టర్‌ను పిలిచి కేకలేశాను. అతను పైపంతా వెతికి, "ఎక్కడ కారుతలేదు సార్" అన్నాడు. అతన్నీ నమ్మలేదు.

అప్పుడు సంచుల మీద ఎర్ర దారం చూశాను. ముక్కలు నింపిన ప్లాస్టిక్ సంచుల మూతులు మామూలుగా తెల్ల తాడుతో కట్టి పెట్టెల్లో పెడతారు. కొన్నిటికి ఆ తాడు పక్కన ఒక ఎర్ర నూలుపోగు చిన్న ముడి వేసి ఉంది. అవన్నీ పొద్దుటి షిఫ్టువి. ఎవరికి ఈ గుర్తు? అక్కడ లైనులో ఎవరితోనైనా పొత్తు ఉందా? ఇనుప బ్రాకెట్లు చేసే పాత యూనిట్‌వాళ్ళు మనిషిని పట్టారా? ఇప్పుడు చెప్పుకుంటే నాకే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం రెండు రోజులు అన్నం సహించలేదు.

గేటు దగ్గరి వాచ్‌మన్‌ను మిషన్ దగ్గరికి పిలిపించి ఆ అన్న సంచి విప్పించాను. సద్ది గిన్నె, తువ్వాల, ఎర్ర నూలు కండె ఒకటి, చిన్న బ్లేడు. బ్లేడు చూడగానే నాకు కథంతా కళ్ళ ముందుకు వచ్చింది. అచ్చులోంచి వచ్చిన ముక్కకు అంచున పలచటి పొర మిగిలితే దాన్ని గరుకు కాగితంతో మెల్లగా రుద్దాలి. బ్లేడుతో గీస్తే గాటు పడుతుంది. గాటు పడ్డ నైలాన్ అక్కడే విరుగుతుంది. నేను వద్దని చెప్పిన పని.

"ముక్కల్ని ఏం చేస్తున్నవ్ అన్నా? నిజం చెప్పు" అన్నాను.

ఆయన అటూ ఇటూ చూశాడు. నా వెనక గోడ మీద నా బోర్డు ఉంది. గొంతు తగ్గించి, "పదును పెడుతున్న సారూ. ఇంకేం జేస్తలేను" అన్నాడు.

పదును! బ్లేడు పట్టుకొని పదును పెట్టానని నా ముఖం మీదే చెబుతున్నాడు. "దీనితోనేనా?" అని బ్లేడు పైకెత్తి చూపించాను. ఆయన బ్లేడు వంక, నా వంక తెల్లబోయి చూశాడు. "గది దారం కోసుకునేది సారూ" అన్నాడు. నేను వినలేదు. ఆ తెల్లబోవడాన్ని దొరికిపోవడం అనుకున్నాను. అరగంటలో సారు గదిలో చెప్పేశాను, సాయంత్రానికల్లా ఆయన్ని ఇక పనికి రావద్దన్నారు. పోతూపోతూ ఆయన నా దగ్గర ఆగి ఏదో చెప్పబోయాడు. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. అవతల ఎవరూ లేరు.

ఆ తర్వాతి వారం విరగడం ఆగుతుందని ఎదురుచూశాను. ఆగకపోగా పెరిగింది. ఏ పెట్టె తెరిచినా అదే వరస. సారు నాతో మాట్లాడటం తగ్గించాడు. ఒక రోజు కార్ల కంపెనీ లైను సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు, హిందీలో. కోపంగా లేడు, విసిగిపోయి ఉన్నాడు. "సార్, ఆ ఎర్ర దారం కట్టిన సంచులు ఎందుకు ఆపేశారు? మావాళ్ళు ముందు అవే ఏరుకునేవాళ్ళు. వాటిలో ఒక్కటి కూడా విరగదు. పంపితే అవే పంపండి, లేకపోతే వద్దు" అన్నాడు.

ఫోను పెట్టేసి స్టోరంతా వెతికాను. లెక్కకు తగ్గిందని పక్కన పెట్టిన సంచి ఒకటి దొరికింది, ఎర్ర ముడితో. అందులోని కొక్కేలను ఒక్కొక్కటే నొక్కాను. వంగి, కూర్చుని, మళ్ళీ లేచాయి. అన్నీ. ముక్కల్ని తూకం వేశాను. మామూలు వాటి కంటే పిసరంత బరువు ఎక్కువున్నాయి. అప్పుడైనా బుద్ధి రావాలి కదా? రాలేదు. దానాలో ఇంకేదో కలిపాడని కొత్త అనుమానం పట్టుకొని ఆదివారం నారాయణపేట బస్సెక్కాను, ఆయన ఊరు దగ్గరే కాబట్టి విచారిద్దామని.

ఇంటికి చేరేసరికి బాపు మగ్గం గుంటలో కూర్చొని విసుక్కుంటున్నాడు. ఎండకు పడుగు పోగులు పుటుక్కు పుటుక్కున తెగుతున్నాయి. అమ్మ వంటింట్లో ఉంది. నన్ను చూడగానే కాళ్ళు కడుక్కొమ్మని కూడా అనకుండా, "గా తువ్వాల తడిపి తే. జర పదును పెట్టాలె, లేకుంటె పొద్దుమూకేదాంక గింతే" అన్నాడు.

నేను తువ్వాల తడిపాను. పిండాను. బాపు దాన్ని పడుగు మీద పరిచి, పైన రెండు చేతుల నీళ్ళు చిలకరించి, కాసేపు ఊరుకున్నాడు. తర్వాత నాడెను అటూ ఇటూ విసిరితే ఒక్క పోగూ తెగలేదు. నేను గచ్చు మీద కూలబడ్డాను. "ఏమైందిరా, ఎండ తాకిందా?" అని బాపు అడిగాడు.

పదును అంటే కత్తికి పెట్టేదే కాదు. వాన పడ్డాక నేలకు వచ్చేదీ పదునే. మా ఇంట్లో ఎండాకాలమంతా ఆ మాట వింటూ పెరిగాను. తువ్వాల తడిపి తెచ్చే పని చిన్నప్పుడు నాదే. నైలాన్ సంగతీ నాకు తెలియనిది కాదు. కరిగేముందు దానికి నీళ్ళు పడవు గాని, అచ్చులోంచి వచ్చాక ముక్కకు దాహం. గాలిలోని తేమ తాగితేనే వంగే గుణం వస్తుంది. వానాకాలంలో దానంతట అదే తాగుతుంది. మా ఏప్రిల్ గాలిలో తాగడానికి ఏముంది? ఇది నేను పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్న విషయం. గాజుపోగు కలిపిన ముక్కకు అవసరం పడదులే అని వదిలేశాను. ఆ అన్న ఏ పుస్తకమూ చదవలేదు. ముక్క వంచి చూసి, ఎండకు తెగే పోగు గుర్తొచ్చి, నా బోర్డుకు భయపడుతూ, నేను పైపు కారుతోందనుకున్న ఆ మూలనే తడి గోనెపట్ట కింద ముక్కల్ని కాసేపు ఉంచి సంచుల్లో కట్టాడు. తన నేత గుర్తుపట్టడానికి చీర కొసకు పోగు కట్టినట్టు ఎర్ర పోగు కట్టాడు. నాకు సిగ్గేసింది. అంతకంటే వేరే మాట లేదు.

ఆ మధ్యాహ్నమే వాళ్ళ పల్లెకు పోయాను. ఆయన తన సొంత అన్న ఇంట్లో, వాళ్ళ మగ్గం మీద నేస్తున్నాడు. నన్ను గడపలో చూసి గుంటలోంచి గబగబా లేచాడు. ఇంకేం నింద మోసుకొచ్చానో అనుకున్నట్టుంది, ముఖంలో రక్తం లేదు. నేను నిలబడే చెప్పాను, "తప్పు నాదన్నా. నువ్వు పదును అంటే నేను కత్తి అనుకున్న."

ఆయన లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. నేను తాగాక అప్పుడు అన్నాడు, "నీళ్ళు అంటె మీరు కొడతరని పదును అన్న సారూ. మీది మన ఇల్లే గద, సమజైతదనుకున్న. గప్పుడే ఇంకో మాట అడిగితె చెప్పకపోదునా?"

ఖాళీ చెంబు ఆయన చేతికిచ్చి సాయంత్రం బస్సుకే జడ్చర్లకు తిరిగొచ్చాను.

సారు దగ్గర మొత్తం ఒప్పుకున్నాను, తిట్లు తిన్నాను. ఆయన్ని మళ్ళీ పిలిపించాను. రావడానికి ఆయన ఒక్క షరతు పెట్టాడు. "ఏం జేసినా మీ కండ్ల ముందటనే జేస్త." ఆ ఎండాకాలం చివరి రెండు నెలల సంచులన్నీ ఎర్ర దారంతో పోయాయి. ఒక్కటి కూడా విరిగిందని ఫోను రాలేదు. బ్రాకెట్ నిలబడింది, మిషన్ నిలబడింది. ఆ తర్వాత ఇంకో మూడు ఇనుప సామాన్లను ప్లాస్టిక్‌లోకి మార్చాను. ఈ మధ్య బ్యాటరీ కార్ల కోసం ఒక పెద్ద పళ్ళెం లాంటిది చేస్తున్నాం. నీళ్ళు తేరాదన్న బోర్డును డ్రయ్యర్ దగ్గరికి జరిపి, ఇవతల ఒక తొట్టి కట్టించాను. పని పట్టికలో ఎంతసేపు, ఎంత తడి అని రాసే గడికి పైన ‘పదును’ అని తెలుగులోనే రాయించాను. తనిఖీకి వచ్చినవాళ్ళు ఇదేం మాట అని ప్రతిసారీ అడుగుతారు. ప్రతిసారీ చెబుతాను.

అనుమానం నాకు పూర్తిగా పోలేదు. ఇప్పుడూ తలుపు మూడుసార్లు లాగుతాను. కాని ఆ అన్నను చూస్తే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది. ఆయన ఇప్పుడు రెండు షిఫ్టుల వాళ్ళకూ నేర్పే మనిషి, జుట్టు నెరిసింది. అయినా ఎన్నేళ్ళుగానో ఒక్క రోజూ తప్పకుండా, తొట్టిలో ముక్కలు వేసే ముందు నా గది తలుపు దగ్గరికి వస్తాడు. "సారూ, జర వచ్చి చూస్కోండ్రి" అంటాడు. నేను పోయేదాకా చెంబు పట్టుకొని అట్లాగే నిలబడతాడు. సద్ది సంచి మూతి విప్పి బల్ల మీద, నాకు కనిపించేట్టు పెడతాడు. వద్దన్నా అంతే. దండం పెట్టి చెప్పినా అంతే.

మొన్న ఒకసారి ఉండబట్టలేక, "అన్నా, ఇగ చాలదా? మొదటి దినం పిలిచినట్టు తమ్మీ అని పిలువరాదా?" అన్నాను.

ఆయన చెంబులోని నీళ్ళు గోనెపట్ట మీద నిమ్మళంగా చిలకరిస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు. "ఎట్ల పిలుస్త సారూ. ఎవలన్న అనుమానపడ్తరు."